జరిమానా సొమ్ము ఎవరి పాలు?

గత నెలలో మన పేటలో ఒక రంగుల కార్ఖానా గేటు దగ్గర రిబ్బను కత్తిరించారు. మంచినీళ్ల ట్యాంకు ఒకటి, రోడ్డు వారగా ఇనుప జాలీలు బిగించిన వేపమొక్కలు కొన్ని. ట్యాంకు మీద సేఠ్ గారి తండ్రిగారి పేరు. షిఫ్టు దిగిన కార్మికులను ఆపి, వరసగా నిలబెట్టి, చప్పట్లు కొట్టించారు. రెండు రోజుల తర్వాత మేనేజరుగారు ఆ ఫోటోను సంఘం ఆఫీసుకు పంపి, బులెటిన్‌లో వేయమని కబురు చేశారు.

మేము వేయలేదు. ఎందుకు వేయలేదని మన సభ్యులే కొందరు అడిగారు. “నీళ్లే గదా ఇచ్చింది, విషం కాదు గదా” అన్నాడొక పెద్దాయన. అది కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. అందుకే ఈసారి సంపాదకీయం దీని మీదనే రాస్తున్నాం.

నీళ్లిచ్చినందుకు మాకు అభ్యంతరం లేదు. కాని ఆ ట్యాంకు కట్టడానికి మూడు నెలల ముందు అదే కార్ఖానాకు కాలుష్య నియంత్రణ మండలి నుంచి నోటీసు వచ్చింది. రంగునీళ్లను శుద్ధి చేయకుండా నాలాలోకి వదిలారన్నది నేరం. విచారణకు పిలిచినప్పుడు యాజమాన్యం, ఈ ప్రాంతానికి ఫలానా మేలు చేస్తామని రాసిచ్చి వచ్చింది. ఆ సంగతి ట్యాంకు మీద చెక్కిన అక్షరాల్లో ఎక్కడా లేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, చెల్లించవలసిన బాకీ దానధర్మమై కూర్చుంది.

ఇది మన ఊళ్లోనే పుట్టిన ఉపాయం కాదు. అమెరికాలో దీనికి ఒక పద్ధతే ఉంది. తప్పు చేసిన కంపెనీ ప్రభుత్వంతో రాజీకి వచ్చేటప్పుడు, జరిమానాలో కొంత తగ్గించుకుని, దానికి బదులు పర్యావరణానికి పనికివచ్చే పని ఒకటి “స్వచ్ఛందంగా” చేస్తుంది. దీనికి చాలా ముందే నడిచిన ఒక కేసును మన కార్మికులు తప్పక తెలుసుకోవాలి.

వర్జీనియా రాష్ట్రంలో హోప్‌వెల్ అనే ఊరు. అక్కడ అలైడ్ కెమికల్ అనే పెద్ద కంపెనీ కెపోన్ అనే పురుగుమందు చేసేది. 1974లో ఆ పనిని లైఫ్ సైన్స్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీకి అప్పజెప్పింది. దాన్ని పెట్టినవాళ్లు అలైడ్‌లో పనిచేసి బయటికొచ్చినవాళ్లే. ముడిసరుకు పెద్ద కంపెనీది, తయారైన మందూ దానికే. మన భాషలో చెప్పాలంటే జాబ్‌వర్కు. కార్ఖానా పెట్టింది ఎక్కడనుకున్నారు? మూతబడిన ఒక పెట్రోలు బంకులో! లోపలంతా తెల్లని దుమ్ము. కొన్ని నెలలకే కార్మికులకు చేతులు వణకడం మొదలైంది, కళ్లు నిలకడ తప్పాయి. 1975 జులైలో ఒక డాక్టరు ఒక కార్మికుడి రక్తం పరీక్షకు పంపిస్తే గాని గుట్టు బయటపడలేదు. ఆ నెలలోనే కార్ఖానా మూతబడింది. తర్వాత పరీక్షించిన 133 మంది కార్మికుల్లో 76 మంది జబ్బుపడ్డారని తేలింది. పనిబట్టలు ఉతికిన ఇంటివాళ్ల రక్తంలోనూ ఆ విషం కనబడింది. జేమ్స్ నదిలో చేపలు పట్టడం నిషేధించారు. ఆ నిషేధం పూర్తిగా ఎత్తివేసేసరికి 1988 వచ్చింది.

1976లో అలైడ్ కంపెనీకి న్యాయమూర్తి రాబర్ట్ మెర్హిజ్ కోటీ 32 లక్షల 40 వేల డాలర్ల జరిమానా వేశారు. ఆ సొమ్మంతా ఢిల్లీ ఖజానాకు పోయినట్టు వాషింగ్టన్‌కు పోయేదే. 1977లో కంపెనీ 80 లక్షల డాలర్లు ఇచ్చి వర్జీనియా పర్యావరణం కోసం ఒక నిధిని ఏర్పాటు చేసింది. న్యాయమూర్తి జరిమానాను 50 లక్షలకు తగ్గించారు. డబ్బు నష్టపోయిన నేల మీదే మిగిలింది. ఆ నిధి ఇప్పటికీ పనిచేస్తోంది. ఇంతవరకు మెచ్చుకోవలసిందే. మన పెద్దాయన మాటకు ఇక్కడ బలముంది.

తిరకాసు తర్వాత ఉంది. కంపెనీ ఆ 80 లక్షలనూ వ్యాపారపు ఖర్చుగా రాసి పన్ను తగ్గించమంది! ఇది దానం కాదు, ఖర్చూ కాదు, జరిమానాకు బదులు కట్టిందేనని పన్నుల కోర్టు 1992లో తోసిపుచ్చింది. పై కోర్టు 1995లో అదే ఖాయం చేసింది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. ఆ జరిమానా పడింది నీళ్లు పాడుచేసినందుకు. చేతులు వణికినందుకు కాదు. కార్మికులు తమ పరిహారం కోసం వేరే దావాలు వేసుకోవలసి వచ్చింది. మొదట విషం తాగినవాడు లెక్కలో చివర ఉన్నాడు.

తర్వాత అమెరికా పర్యావరణ సంస్థ దీనికి గట్టి నిబంధనలే రాసింది. 1998లో ఒకసారి, 2015లో మరోసారి. చట్టం ఎలాగూ చేయమన్న పనిని మేలుగా చూపించరాదు. చేసిన తప్పుకూ చేసే పనికీ సంబంధం ఉండాలి. నగదు విరాళం చెల్లదు. ఎంత మంచి పని చేసినా జరిమానా పూర్తిగా మాఫీ కాదు. ఆ పని గురించి కంపెనీ ఎక్కడ చెప్పుకున్నా, ఇది ఫలానా కేసు రాజీలో భాగంగా చేశామని కూడా చెప్పి తీరాలి. మన ట్యాంకు మీద ఆ ఒక్క వాక్యం చెక్కి ఉంటే ఫోటో మేమే వేసేవాళ్లం.

అక్కడా ఇది నిలకడగా సాగలేదు. జరిమానా ప్రజల ఖజానాకు చేరాలి, ఎలా ఖర్చుపెట్టాలో చట్టసభ తేల్చాలి, అధికారులూ కంపెనీలూ గదిలో కూర్చుని పంచుకోరాదు అన్న వాదన ఒకటుంది. అది తీసిపారేసే వాదన కాదు. 2020లో అక్కడి న్యాయశాఖ ఇలాంటి రాజీలను ఆపేసింది, 2022లో తిరిగి అనుమతించింది, 2025 ఫిబ్రవరిలో బయటి సంస్థలకు సొమ్ము ఇప్పించే ఒప్పందాలను మళ్లీ నిషేధించింది.

మన దేశంలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో పరిహారం కట్టే లెక్క ఒకటి చేసింది. పరిశ్రమ ఏ తరగతిది, ఎన్ని రోజులు తప్పు చేసింది, ఎంత పెద్దది, ఏ ఊళ్లో ఉంది అన్నవి హెచ్చవేస్తారు. రోజుకు 5,000 రూపాయలకు తగ్గరాదు. పరిహారం విధించే అధికారం మండళ్లకు ఉందని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మంచిదే. కాని ఆ లెక్కలో లోపల పనిచేసేవాడి కోసం ఒక్క అంకె లేదు.

తిరుప్పూరు సంగతి తమిళనాడులోని మన సభ్యులకు చెప్పనక్కరలేదు. నొయ్యల్ నది, ఒరత్తుపాళయం డ్యాము రంగునీళ్లతో పాడైపోయాయి. నీళ్లు పోయిన రైతులు ఏళ్లతరబడి పోరాడారు, వాళ్ల పోరాటం న్యాయమైనది. ఆఖరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు రంగుల కార్ఖానాలన్నిటినీ మూయించింది. ఏడు వందలకు పైగా. రైతుకు పరిహారం లెక్కగట్టడానికి అథారిటీ ఉంది. ఆ రోజు తలుపు మూసుకున్న రంగుతొట్టి దగ్గరి కూలీకి ఏముంది? రైలు టిక్కెట్టు కూడా తన డబ్బుతోనే కొనుక్కోవాలి.

కార్ఖానా మూయమని మేము అడగం, నాలా పాడుచేయమనీ అనం. ఈ రెంటి నడుమ యాజమాన్యం “మేలు” చేస్తానని ముందుకొస్తే, అది ఎక్కడినుంచి మొదలవ్వాలన్నదే మన ప్రశ్న. రియాక్టివ్ రంగుల పొడి పీలిస్తే ఉబ్బసం వస్తుందని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. కాస్టిక్ చర్మాన్ని తింటుంది. హైడ్రోస్ డబ్బా మూత తీసినవాడికి ఆ ఘాటు ఎవరూ చెప్పనక్కరలేదు. కలర్ కిచెన్‌లో గాలి బయటికి లాగే ఫ్యాను పాడై ఎన్నాళ్లయింది? గేటు బయట వేపమొక్కకు జాలీ ఉంది, గేటు లోపల రంగు తూచే కుర్రవాడి ముక్కుకు గుడ్డపీలిక ఉంది.

యాజమాన్యానికీ మండలికీ సంఘం తరఫున ఉత్తరం రాశాం. ట్యాంకు ఉండనివ్వండి, కాని అది నోటీసు మీద కట్టిందని దాని మీదే రాయండి అన్నాం. శుద్ధి యంత్రం నడపడం మీ విధి, దాన్ని ఈ మేలులో కలిపి చూపించవద్దు అన్నాం. కంపెనీ చట్టం కింద పెట్టవలసిన సామాజిక బాధ్యత ఖర్చులో కూడా దీన్ని రాయరాదు. వేరే చట్టం ప్రకారం చేయవలసిన పనులు ఆ లెక్కలోకి రావని నిబంధనలే అంటున్నాయి. కలర్ కిచెన్‌కు ఫ్యాన్లు, కాంట్రాక్టు కార్మికులతో సహా అందరికీ ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష, ఆ కాగితం కార్మికుడి చేతికే ఇవ్వాలన్నాం. ఈ పేరు చెప్పి బోనసులో ఒక్క పైసా తగ్గినా ఊరుకోబోమని కూడా రాశాం.

ఇది అచ్చుకు వెళ్లేనాటికి జవాబు రాలేదు. వచ్చే ఆదివారం ఉదయం పదింటికి సంఘం ఆఫీసులో కూర్చుంటున్నాం. రంగుల ఖాతాలో పనిచేస్తూ దగ్గు, దద్దురు, ఆయాసం ఉన్నవాళ్లు తమ డాక్టరు చీటీలు తీసుకురావాలి. చీటీ లేకపోయినా రండి. ఎవరి పేరూ బయటపెట్టం.