గుర్రాన్ని తోలేయమనే ముందు ఒక్క మాట

కాస్త పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

చెరువుగట్టు కింద మన కుర్రాళ్ళు సాకుతున్న గుర్రం గురించి గ్రూపులో ఒకటే గోల. "ఇంట్లో గేదెకి గడ్డి వెయ్యరు గానీ గుర్రానికి సేవలంట" అని ఒకరు, "నారుమడిలో పడితే ఎవడు కడతాడు" అని ఇంకొకరు. రెండో మాటలో న్యాయముంది. అందుకే వాళ్ళు వంతులేసుకుని రాత్రిళ్ళు కూడా కాపలా ఉంటున్నారు. మొదటి మాటే నాకు నచ్చలేదు.

ఆ గుర్రం ఆకాశం నుంచి ఊడిపడలేదు. పెళ్ళి ఊరేగింపులకి తిప్పిందే. ఆషాఢంలో ముహూర్తాలుండవు, గిరాకీ ఉండదు, మేత ఖర్చు మాత్రం ఆగదు. రాత్రికి రాత్రి పొలిమేరలో వదిలేసి పోయారు. (మనం కోడెదూడల్ని ఏం చేస్తున్నామో నేను చెప్పక్కర్లేదు.) తిండీ నీళ్ళూ లేక మాడేలా జంతువుని వదిలెయ్యడం 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. కానీ మొదటిసారి దొరికితే జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా. బజ్జీల ఖర్చు! ఇంక భయమెవడికి?

కుర్రాళ్ళకీ ఒకటి చెప్పాలి. జాలిపడి తవుడూ ఉలవలూ బకెట్లతో పెట్టకండిరా. ఉలవలు గుర్రం దాణాయే, కాదనను. కానీ ఎముకలు తేలిన గుర్రానికి ఒక్కసారిగా దాణా పెడితే గుండె ఆగి చచ్చిపోవచ్చు. దానికి ఆవులా నెమరు లేదు, వాంతి చేసుకోలేదు. కడుపునొప్పి పట్టిందంటే ప్రాణం మీదకే. ముందు పది రోజులు గడ్డే, కొంచెం కొంచెంగా, రోజుకి ఐదారు సార్లు. నీళ్ళు ఎప్పుడూ దగ్గరుండాలి. బూజు పట్టిన వరిగడ్డి వద్దు, లేత జొన్న అసలే వద్దు.

డెక్కలు చెప్పుల్లా పెరిగిపోయాయని కొడవలితో చెక్కబోయారట. జట్కాలు పోయాక ఆ పని తెలిసినవాళ్ళూ తగ్గిపోయారు, నిజమే. అయినా తెలిసినవాడు దొరికేదాకా ఆగండి. గాయముంది కాబట్టి ధనుర్వాతం సూది తప్పనిసరి, గుర్రాలకి అది తొందరగా పడుతుంది. ముక్కు కారుతుందంటున్నారు, గ్లాండర్స్ అయితే మనుషులకీ అంటుకుంటుంది. 1962కి ఫోన్ చేసి డాక్టరు గారిని పిలిచి రక్తపరీక్ష అడగండి. ఈలోపు చాకలిరేవు గాడిదల్ని దాని దగ్గరికి రానివ్వకండి, ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇంక పెద్దలకి. శ్రావణంలో మనిళ్ళల్లోనూ పెళ్ళిళ్ళున్నాయి. గుర్రానికి అడ్వాన్సు ఇచ్చేముందు దాని డొక్కలూ కాళ్ళూ చూడండి. కుంటుతుంటే వద్దనండి. ఆ 10 రూపాయల జరిమానా కంటే గిరాకీ పోతుందనే భయమే పనిచేస్తుంది.

పొలం గట్టు మీద గరిక ఎక్కువున్నవాళ్ళు కింద కామెంటులో చెప్పండి. మందు కొట్టిన గట్టయితే వద్దు. కుర్రాళ్ళే వచ్చి కోసుకుంటారు.