ఫలకం మీది మాట

ఎడిన్‌బరో పాతబస్తీలో గైడ్ వెంట నడుస్తుంటే రాజులు, మేధావుల విగ్రహాలు ఎన్నో కనిపించాయి. నన్ను నిలబెట్టేసింది మాత్రం కోట ముందరి ఆవరణలో గోడకు అమర్చిన ఒక చిన్న ఫౌంటెన్. మంత్రగత్తెలని ముద్రవేసి చంపిన వారి గుర్తుగా 1894లో కట్టారు దాన్ని.

1563లో వచ్చిన చట్టం 1736లో రద్దయ్యేలోగా స్కాట్లాండ్‌లో దాదాపు 4 వేల మందిపై ఈ నేరం మోపారు. అత్యధికులు స్త్రీలే. నాటువైద్యం తెలిసిన ఆగ్నెస్ శాంప్సన్‌ను చిత్రహింసలు పెట్టి నేరం ఒప్పించి, 1591లో ఈ కోట దిబ్బ మీదే గొంతు బిగించి చంపి తగలబెట్టారు.

మరి నేను చదివిన ఫలకం ఏమంటోంది? వారిలో కొందరు తమ విద్యను చెడుకు వాడారట! చంపినవాళ్ల ఆరోపణనే స్మారకమూ వల్లిస్తోంది. 2022 మార్చి 8న అప్పటి ప్రభుత్వాధినేత నికోలా స్టర్జన్ క్షమాపణ చెప్పారు. రాతిమీది మాట మాత్రం మిగిలింది.

తెలంగాణ పల్లెల్లో బాణామతి నెపంతో పళ్లు పీకిన, నిలువునా తగలబెట్టిన ఘటనలు మనం ఎరుగుదుం. అలా చనిపోయిన స్త్రీని 'మంత్రగత్తె' అని రాసే ప్రతి వార్తా ఇంకో ఫలకమే. ఆమెకొక పేరుంది. పోలీసు కాగితంలోనైనా, పత్రికలోనైనా ఆ పేరే రాయమని పట్టుబడదాం.