పక్కింటి హోరును ఆపే గొట్టం

2022 జనవరి 19. ఢిల్లీ నుంచి న్యూయార్క్, షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాల్సిన ఎయిరిండియా విమానాలు ఉన్నట్టుండి రద్దయ్యాయి. తుపాను లేదు, సమ్మె లేదు. కారణం... అమెరికాలో ఆ రోజు మొదలవుతున్న 5జీ సెల్‌ఫోన్ సేవలు! పిల్లల దగ్గరకు పచ్చళ్లూ పొడులూ సర్దుకుని బయల్దేరే పెద్దవాళ్లకు ఫోనుకీ విమానానికీ ఏమిటి సంబంధమో ఓ పట్టాన అర్థమయ్యే సంగతి కాదు.

సంబంధం ఉంది. విమానం పొట్ట కింద నుంచి నేలకేసి రేడియో తరంగాలు పంపి, అవి తిరిగొచ్చే తీరును బట్టి ఎత్తు చెప్పే పరికరం ఒకటుంటుంది. పేరు రేడియో ఆల్టీమీటర్. పొగమంచులో దిగేటప్పుడు పైలట్‌కు దాని లెక్క చాలా కీలకం. అది వాడుకునేది 4,200 నుంచి 4,400 మెగాహెర్ట్‌జ్ దాకా. అమెరికా 5జీకి ఇచ్చింది 3,700 నుంచి 3,980. మధ్యలో అంత ఖాళీ ఉంది కదా అనొచ్చు. కానీ నేలను తాకి తిరిగొచ్చే తరంగం నీరసంగా ఉంటుంది, కింద ఉన్న టవర్ గొంతేమో పెద్దది. పాత ఆల్టీమీటర్లలో కొన్నిటికి హద్దుకు అవతలి హోరును ఆపుకునే శక్తి తక్కువ. పాపం, వాటిని తయారుచేసిన రోజుల్లో ఆ పక్కన ఉన్నవి ఉపగ్రహాల నుంచి దిగే సన్నని సంకేతాలే మరి!

విమానాశ్రయాల చుట్టుపక్కల కొన్నాళ్లు ఆగుతామని టెలిఫోన్ కంపెనీలు ఒప్పుకోవడంతో విమానాలు మళ్లీ కదిలాయి. అసలు మందు మాత్రం ఫిల్టర్. కొన్నిటికి ఆల్టీమీటర్లే మార్చారు, చాలావాటికి యాంటెన్నాకీ ఆల్టీమీటర్‌కీ మధ్య ఓ ఫిల్టర్ బిగించారు. మన దగ్గరా 2022 నవంబరులో టెలికం శాఖ జాగ్రత్తపడింది. రన్‌వే రెండు కొసల నుంచి 2,100 మీటర్ల దాకా 3,300-3,670 మెగాహెర్ట్‌జ్ 5జీ టవర్లు పెట్టొద్దని కంపెనీలకు చెప్పింది.

ఇంతకీ ఈ ఫిల్టర్ చేసే పనేమిటి?

పిల్లలు పెన్ను మూతను పెదవికి ఆనించి ఊదుతారు. పొట్టి మూతైతే కీచుగా, పొడుగైతే కాస్త బొంగురుగా ఈల వస్తుంది. మూత పొడవుకు నప్పే స్వరమే అందులో నిలబడుతుంది. రేడియో తరంగాలకూ అలాంటి మూతే కో-యాక్సియల్ ఫిల్టర్. కేబుల్ టీవీ వైరును కోసి చూడండి... నడుమ తీగ, చుట్టూ లోహపు అల్లిక. ఫిల్టర్‌లో తీగకు బదులు కడ్డీ, అల్లికకు బదులు గొట్టం. కడ్డీ ఒక కొసను గొట్టం అడుగుకు అతికి, రెండోది వదిలేస్తారు. తరంగం పొడవులో కడ్డీ పావు వంతు ఉంటే ఆ తరంగం లోపల ఊగుతుంది. 900 మెగాహెర్ట్‌జ్‌కైతే సుమారు 8 సెంటీమీటర్లు. ఇలాంటివి నాలుగైదు వరసగా పేరిస్తే, కావాల్సిన తరంగాలే అటు వెళ్తాయి. తక్కినవి చాలావరకు గుమ్మంలోనే ఆగిపోతాయి.

వదిలేసిన కొస దగ్గరకు ఒక మర దింపితే అక్కడ కెపాసిటెన్స్ పెరుగుతుంది, స్వరం కిందికి దిగుతుంది. ఆల్టీమీటర్‌లాగా ఎప్పుడూ ఒకే చోట ఉండేవాటికి ఒకసారి బిగిస్తే చాలు. సెకనుకు ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మార్చే సైనిక రేడియోల సంగతేంటి? స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎవరు కూర్చుంటారు! అందుకే అక్కడ మర చేసే పనిని వరాక్టర్ డయోడ్‌కు అప్పగించొచ్చు. దానికిచ్చే రివర్స్ వోల్టేజి పెంచితే కెపాసిటెన్స్ తగ్గుతుంది, ఫిల్టర్ పై ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది. కదిలే భాగమే లేదు. పాత రేడియోలో ముల్లు తిప్పితే ఒకదాన్లోకి ఒకటి దూరే రేకుల గ్యాంగ్ కండెన్సర్ పని కూడా ఇదే. రిమోట్ టీవీలు వచ్చాక దాన్ని ఈ డయోడే అందుకుంది. ఆటో సెర్చ్ నొక్కగానే చానళ్లు వరసగా దొరికింది దీని వల్లే.

అయితే దీనికో బలహీనత ఉంది. సంకేతంలో కొంత తనే మింగేస్తుంది. బలమైన సంకేతం వస్తే తడబడి, లేని తరంగాలను కూడా పుట్టిస్తుంది. అందుకే భారీ శక్తితో పనిచేసే సెల్‌టవర్ల ఫిల్టర్లలో ఇప్పటికీ మరలే ఎక్కువ. ఫ్యాక్టరీలో టెక్నీషియన్ తెర మీద గీతను చూస్తూ వాటిని ఒక్కొక్కటీ తిప్పుతాడు. ఒకటి సర్దితే పక్కదాని లెక్క తప్పుతుంది, దాన్ని సర్దితే మళ్లీ మొదటిది. గీత కుదిరాక నట్లు బిగించి టవర్‌కు పంపుతారు.