మంచం కొన్నాం, మెట్లు తియ్యలేదు

మొన్న ఆఫీసులో ఒక అమెరికా క్లయింటు సైటుకి ఏక్సెసిబిలిటీ టెస్టింగు చేస్తున్నాం. సెక్షన్ 508 ప్రకారం మౌసు పట్టుకోలేనివాడు కూడా కీబోర్డుతో ఫారం మొత్తం నింపగలగాలి. ఒక బటను మీదకి ట్యాబుతో వెళ్ళలేకపోతున్నామని సెవరిటీ వన్ బగ్గు వేశాను. ఆ సాయంత్రమే నరసరావుపేట నుంచి అమ్మ ఫోను. నాన్న వీధిలోకొచ్చి నాలుగు నెలలైందట.

ఇంటి ముందు మూడు మెట్లు. కట్టించింది నేనే. మాచర్ల నాపరాయి, పాలిష్ పట్టించి మరీ. తడిస్తే బాగా నడిచేవాడే జారిపడతాడు.

నాన్నకి పక్షవాతం వచ్చి రెండేళ్ళు. మనవాళ్ళందరూ చేసేదే నేనూ చేశాను. తలవైపు పైకి లేచే మంచం, చక్రాల కుర్చీ, పగలొకరు రాత్రొకరు మనుషులు, నెలనెలా డబ్బు. "మీ నాన్నగారికేం లోటు, రాజాలా చూసుకుంటున్నారు" అంటారు చుట్టాలు. ఆ రాజాగారికి రెండేళ్ళుగా అన్నం ఎవరో తినిపిస్తున్నారు. ఎడంచెయ్యి శుభ్రంగా పని చేస్తున్నా సరే! చెంచా ఇస్తే చొక్కా మీద పోసుకుంటారట. పోసుకోనివ్వండి, ఉతుక్కోవచ్చు.

మెదడులో చచ్చిపోయిన భాగం మళ్ళీ రాదు. మిగిలిన భాగం ఆ పని కొత్తగా నేర్చుకోవాలి, అదీ చేసిన పనే వందసార్లు చేస్తే. మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో ఇది బాగా జరుగుతుంది, తర్వాత మెల్లగా. ఆ నెలల్లో మేం చేసిందేంటయ్యా అంటే పసరు కట్లు, పావురాయి నెత్తురుతో మర్దనా. ఫిజియోథెరపీ రెండో నెలలోనే మానేశాం. నొప్పంటున్నారు పాపం, మనుషులున్నారుగా అని. పెద్దవాళ్ళ సెంటిమెంటు అనుకుని నేనూ నోరు మూసుకున్నాను.

గవర్నమెంటుని తిట్టడం తేలిక, అదీ చేద్దాం. 2016 చట్టం వైకల్యాల జాబితాని 7 నుంచి 21కి పెంచింది. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్ లాంటి నరాల జబ్బులు అందులోకొచ్చాయి. పబ్లిక్ బిల్డింగులు మార్చడానికి 2017 రూల్స్ నుంచి ఐదేళ్ళు గడువిచ్చారు. అది 2022లో అయిపోయింది, పల్నాడు జిల్లా పుట్టిన ఏడాదే. (2015 చివర్లో ప్రధానమంత్రి మనల్ని 'దివ్యాంగులు' అనమన్నారు. పేరు మార్చడానికి సిమెంటు అక్కర్లేదు మరి.)

పింఛను లాజిక్ చూడండి. 2024 జులై నుంచి మామూలు వికలాంగ పింఛను 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. ఇవ్వొద్దనను, ఇంకా ఇచ్చినా తక్కువే. కానీ ఆ మనిషి కష్టపడి కర్ర పట్టుకుని నడిస్తే? నెలకి 9,000 పోతుంది. కూలికెళ్ళే ఇంట్లో అది బియ్యం, పాలు, కరెంటు బిల్లు. 2025లో మళ్ళీ మెడికల్ వెరిఫికేషన్ పెట్టినప్పుడు, డాక్టరు ముందు లేచి నిలబడటానికి భయపడ్డవాళ్ళని నేను తప్పుపట్టలేను. ఇలాంటి ఇఫ్ కండిషన్ మనలో ఎవడైనా రాస్తే రివ్యూలోనే తన్నేవాళ్ళు. నడక మొదలెట్టాక ఒక ఏడాది పింఛను తగ్గించకుండా ఉంచితే పోయేదేముంది?

సరే, నాన్నకి ఏ పింఛనూ లేదు, మాకు అడ్డొచ్చింది గవర్నమెంటూ కాదు. ర్యాంపు లెక్క ఒకటికి పన్నెండు. ఆరేసి అంగుళాల మూడు మెట్లంటే 18 అంగుళాలు, అంటే 18 అడుగుల వాలు. మా వాకిలి 12 అడుగులే, మధ్యలో ఒక మలుపు తిప్పాలి. మా మేస్త్రీ ఐదడుగుల్లో కొట్టేస్తానన్నాడు. అది ర్యాంపు కాదు, జారుడుబండ. పైన మళ్ళీ నాపరాయే, ఈసారి ఉలితో గరుకు కొట్టించాలి.

ఈ మాటంటే ఫ్రెండొకడు, వాళ్ళదీ గురజాల వైపే, వాళ్ళమ్మదీ ఇదే పరిస్థితి, ఏమన్నాడో తెలుసా? "గేటు ముందు ర్యాంపుంటే ఇంట్లో ఇలాంటివాళ్ళున్నారని తెలిసిపోద్దిరా, చెల్లికి సంబంధాలు చూస్తున్నాం." వీడు మా ఏక్సెసిబిలిటీ టీం లీడు :(

బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టిన నేల మాది అని మీసం తిప్పుతాం కదా, ఆ చాప మీద కూర్చోలేనివాడికి బల్ల వెయ్యడానికి మాత్రం సిగ్గు. మొన్న నాన్నని ఏం కావాలని అడిగితే, మాట తడబడుతూనే, కోటప్పకొండ అన్నారు. కొండకి ఘాట్ రోడ్డుంది, కారు పైదాకా వెళ్తుంది. వెళ్ళలేనిది మా గడప నుంచి కారు దాకానే.

శనివారం ఊరెళ్తున్నాను. మేస్త్రీకి అడ్వాన్సు పంపాను, మలుపుతో కలిపి 18 అడుగులకి. మంచం పక్కన మనిషికి కూడా చెప్పాను, రేపట్నుంచి చెంచా నాన్న చేతికే ఇవ్వమని.