సెలవుకూ కులముందా?

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పరిసరాల్లో తెల్లవారకముందే చీపుళ్లు కదులుతాయి. వాటిని పట్టిన చేతుల్లో అత్యధికం దళిత స్త్రీలవే. వారిలో ఒకామె ఇటీవల నాతో అన్నది: "కాన్పుకు పోతే జాగా పోతది సారూ. మా ఆడబిడ్డను బదులుకు నిలవెట్టి పోయిన." ఆ నెలల జీతం ఆడబిడ్డదే. బాలింతకు దక్కింది సెలవు కాదు, తిరిగి చీపురు పట్టుకునే అవకాశం మాత్రమే.

చట్టం ఇలా చెప్పలేదు. కాన్పుకు ముందరి పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసిన స్త్రీకి వేతనంతో కూడిన సెలవును 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం హక్కు చేసింది. 2017 సవరణ ఇద్దరు పిల్లల వరకు దానిని 12 నుంచి 26 వారాలకు పెంచింది. ఆ సెలవులో ఉండగా తొలగించడం చట్టవిరుద్ధం. 2020 సామాజిక భద్రతా స్మృతి కూడా ఈ రక్షణలను నిలిపి ఉంచింది. ఇవి పర్మినెంటు ఉద్యోగినులకే పరిమితమన్న వాదనను ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ మస్టర్ రోలు కార్మికురాళ్ల కేసులో సుప్రీంకోర్టు 2000 మార్చి 8న తోసిపుచ్చింది.

ఖర్చు భారమన్న సాకూ నిలవదు. ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికురాలికి ప్రసూతి భృతి చెల్లించేది ఆ సంస్థే గాని కాంట్రాక్టరు కాదు. మరి అడ్డుపడుతున్నదేమిటి? ఈ మనిషి పోతే అదే వాడ నుంచి మరో మనిషి వస్తుందన్న ధీమా. ఆ ధీమాకు పునాది కులం. ఊడ్చే పనిని కులం పంచిపెట్టింది; ఆ పనికి యజమాని ఎవరన్న ప్రశ్నను కాంట్రాక్టు పద్ధతి మాయం చేసింది. పని తరతరాలుగా శాశ్వతం, కొలువు మాత్రం తాత్కాలికం.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి కల్పించడం జాతి ప్రయోజనమేనని అంబేడ్కర్ వాదించారు. ఆయన విగ్రహాలకు దండలు వేసే ప్రభుత్వాలు ఆ వాదనను టెండరు పత్రంలోకి ఎక్కించాలి. సెలవు ముగియగానే అదే స్థానంలోకి తీసుకోవాలన్న షరతు, హాజరు పట్టీలో సెలవు నమోదు, ఉల్లంఘిస్తే కాంట్రాక్టరు బిల్లు నిలిపివేత: ఈ మూడింటికీ కొత్త చట్టం అక్కరలేదు. నగరాన్ని శుభ్రం చేసే తల్లి తన బిడ్డకు పాలివ్వడానికి మరో స్త్రీని జామీను పెట్టవలసి రావడం, ఆమె పేదరికానికి కాదు, మన ప్రజాస్వామ్యానికి గుర్తు.