అంచనా వేరు, జోస్యం వేరు

హౌరా సమీపంలోని సంత్రాగాఛి స్టేషన్లో దక్షిణాదికి పోయే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారిలో కొందరి చేతుల్లో పెట్టెలతోపాటు ఆసుపత్రి ఫైళ్ళు కూడా ఉంటాయి. చికిత్స కోసం చెన్నైకో, వెల్లూరుకో బయలుదేరిన వంగదేశీయులు వారు. మన దేశంలో తొలి బైపాస్ శస్త్రచికిత్సను 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేసినది చెన్నైలోని పెరంబూరు రైల్వే ఆసుపత్రిలోనే. ఆనాటికీ ఈనాటికీ రోగి బంధువులు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆపరేషన్ చేయిస్తే మనిషి దక్కుతాడా?"

గుండె బలహీనమైనదైతే ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. ఆరోగ్యవంతుని గుండె ఎడమ గది, తనలో నిండిన రక్తంలో సగానికి పైగా ప్రతి స్పందనకూ బయటికి నెడుతుంది. రక్తనాళాలు పూడుకొని కండరం దెబ్బతిన్నవారిలో ఇది నూటికి 35 పాళ్ళకు, అంతకన్న దిగువకు కూడా పడిపోవచ్చు. అటువంటి గుండె శస్త్రచికిత్సకు తట్టుకోగలదా?

'స్టిచ్' అనే పరిశోధన ఈ సంగతినే పరీక్షించింది. 22 దేశాలలో ఇటువంటి రోగులు 1,212 మందిని ఎంచి, సగం మందికి మందులు మాత్రమే ఇచ్చారు; తక్కినవారికి మందులతోపాటు బైపాస్ కూడా చేశారు. మొదటి నెలలో మరణాలు శస్త్రచికిత్స పొందినవారిలోనే ఎక్కువ. 2011లో ప్రకటించిన సుమారు అయిదేళ్ళ ఫలితాలలో ఉభయులకూ స్పష్టమైన తేడా కనిపించలేదు. 2016లో పదేళ్ళ లెక్క వెలువడింది. మందులతో సరిపెట్టుకున్నవారిలో నూటికి 66 మంది, శస్త్రచికిత్స పొందినవారిలో 59 మంది మరణించారు. ముందు చెల్లించిన మూల్యానికి ప్రతిఫలం ఆలస్యంగా దక్కిందన్నమాట.

ఇందులో మరొక విశేషం ఉంది. మూడు ప్రధాన నాళాలూ పూడుకోవడం, గుండె మరీ బలహీనపడటం, బాగా సాగిపోవడం - ఈ మూడింటిలో కనీసం రెండు లక్షణాలున్నవారికే శస్త్రచికిత్స వల్ల అధిక లాభం కలిగింది. ఆరు నిమిషాలలో 300 మీటర్లు నడవగలిగినవారికి కూడా మేలు జరిగింది. కనుక గుండె బలహీనత ఒక్కటే శస్త్రచికిత్సను నిరాకరించడానికి తగిన కారణం కాదు.

నేడు వైద్యులు 'యూరోస్కోర్' వంటి గణనలతో ముప్పును లెక్కిస్తారు. 2012లో సవరించిన ఆ గణనకు 22,000 మందికి పైగా రోగుల వివరాలు ఆధారం. వయస్సు, మూత్రపిండాల స్థితి, గుండె బలం మొదలైనవన్నీ చూసి అది 'నూటికి అయిదు' అని చెప్పిందనుకుందాం. అటువంటి రోగులు నూరుగురిలో అయిదుగురు ఆసుపత్రిలోనే మరణించవచ్చునని దాని అర్థం. మన మనిషి ఆ అయిదుగురిలో ఒకడా, తొంభై అయిదుగురిలో ఒకడా అన్నది ఏ గణితమూ చెప్పలేదు. పదేళ్ళ తరువాతి సంగతి ఆ అంకెలో అసలే లేదు.

ఇంగ్లీషులోని 'ప్రెడిక్షన్' అనే మాటకు తెలుగులో జోస్యమనీ, అంచనా అనీ రెండు మాటలున్నాయి. వైద్యుడు చెప్పేది రెండవది. అందువల్ల ఆయనను రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి: మొదటి నెలలో ముప్పు ఎంత? ఆ నెల గడిస్తే ముందున్న సంవత్సరాలలో లాభమెంత? ఈ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టుకొని చూసినప్పుడే రోగి తన నిర్ణయం తాను చేసుకోగలుగుతాడు.