మందమైన జెర్కిన్ ఒకటి కన్నా పల్చని బట్టలు మూడు మేలు



చలి మొదలయింది. మన చింతామణి, శిడ్లఘట్ట పక్క పొద్దున ఆరింటికి తోటలోకి దిగితే వేళ్లు కొంకర్లు పోతాయి. ఇప్పుడు ఎవరిని కదిపినా పురుగులింట్లో హీటరు, బొగ్గుల కుంపటి మాటే. చాకీకి 27, 28 డిగ్రీలు, పెద్ద పురుగుకు 24, 25 ఉండాలని థర్మామీటరు చూసుకుంటాం. ఆకు కోసే మనిషికి ఎంత చలిగా ఉందో చూసేవాళ్లు లేరు.

పోయిన చలికాలం నేను సంతలో 1,400 రూపాయలు పెట్టి మందమైన జెర్కిన్ కొనుక్కున్నా. మా ఇంటామెకు నా పాత స్వెట్టరు ఇచ్చినా. కోత మాత్రం ఇద్దరిదీ. మంచుకు చీర, స్వెట్టరు తడిసేవి, ఆ తడితోనే పని చేసేది. నాలుగో జ్వరం లేచిన మూడో రోజు ఆమె దగ్గుతో మంచం పట్టింది. పురుగు తినే మొత్తం ఆకులో నూటికి ఎనభై పైన ఈ ఆఖరి వయసులోనే కదా! కూలోళ్లు దొరకక రెండు మేతలు తప్పినాయి. గూడు పల్చనయింది. జెర్కిన్ ఖరీదు కన్నా ఎక్కువే పోయింది. తప్పు నాదే.

ఆ జెర్కిన్ నాకైనా పనికొచ్చిందా అంటే, అదీ లేదు. వేసుకొని అర గంట కోస్తే చెమట. విప్పితే లోపల ఒక్క అంగీ, గాలి కోసేస్తుంది. బయట చలి, షెడ్డులో వేడి, రోజుకు పదిసార్లు తిరిగే పని మనది. దీనికి విప్పను, వేసుకోను వీలుండే బట్టలే సరి. ఒంటికి పల్చని బనియను, పైన ఉన్ని స్వెట్టరు, దాని పైన గాలిని, మంచును ఆపే పల్చని రెయిన్ కోటు. బట్టకూ బట్టకూ నడుమ నిలిచే గాలే మనల్ని వెచ్చగా పెట్టేది. మన పురుగును చూడండి. గూటికి పైన బొచ్చు, నడుమ గట్టి పొర, లోపల పల్చని పొర అల్లుకుంటుంది.

నూలు బనియను చెమటకు తడిస్తే చలి ఇంకా పెరుగుతుంది. కోత అయినాక పొడిది మార్చుకోండి. ఉన్ని కొంచెం తడిసినా వెచ్చగానే ఉంటుంది.

"మా తాత ఒక్క కంబళితోనే గడిపినాడు" అంటారు కొందరు. నిజమే. కంబళి కూడా వేడైతే తీసి భుజాన వేసుకునేదే కదా!

ఇంకో లాభం ఉంది. తోటలో వేసుకున్న పై బట్టలు షెడ్డు బయటే కొయ్యకు తగిలించి, లోపలికి ఉతికిన అంగీతో పోవచ్చు. మన బట్టలతో, చేతులతో కూడా రోగం లోపలికి పోతుంది. నైలాను జెర్కిన్‌తో కుంపటి దగ్గరికి అసలు పోవద్దు, నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. వెచ్చగా ఉందని తలుపులు మూసి కుంపటి పక్కన పడుకోవద్దు. బొగ్గుల విషవాయువు కంటికి కనపడదు, ప్రాణం తీస్తుంది.

ఈసారి గూళ్ల డబ్బు చేతికొస్తే ముందు ఆకు కోసే ఆడవాళ్లకు ఈ మూడు బట్టలూ కొనండి. మా ఇంట్లో ఈ యేడు అట్లే చేసినా. నా జెర్కిన్ మూలన పడుంది.